ఇంట్లో 21 రోజుల సైన్స్ పాఠం: గుడ్డు నుంచి కోడిపిల్ల వరకు



సెలవుల్లో పిల్లలతో ఏదైనా ప్రాజెక్ట్ చేయించాలని చాలామంది అడుగుతుంటారు. కోడిగుడ్లు పొదిగించడం అందుకు చక్కగా సరిపోతుంది. అయితే ముందుగా ఇంట్లో అందరూ కూర్చుని ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోండి: పుట్టిన కోడిపిల్లలను ఎవరు పెంచుతారు? వాటిలో సుమారు సగం పుంజులే అవుతాయి. అపార్ట్‌మెంట్‌లో పుంజును ఉంచడం కష్టం. ఊళ్లో తాతయ్యగారో, తెలిసిన రైతో తీసుకుంటామని మాట ఇచ్చాకే గుడ్లు తెచ్చుకోండి. మూడో రోజుకే గుడ్డులో గుండె కొట్టుకుంటుంది. మధ్యలో వదిలేసే ప్రాజెక్ట్ కాదిది.

ఏ గుడ్లు తేవాలి?
కిరాణా షాపులో ట్రేల్లో అమ్మే ఫారం గుడ్లు పనికిరావు. ఆ ఫారాల్లో పెట్టల మధ్య పుంజులు ఉండవు. పుంజు, పెట్టలు కలిసి తిరిగే ఇంటి నుంచి వారంలోపు పెట్టిన నాటుకోడి గుడ్లు తీసుకోండి. వాటిని కడగవద్దు.

1 నుంచి 18వ రోజు
ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీల సెల్సియస్ వేడి, సుమారు 50 శాతం తేమ ఉండాలి. గుడ్లను రోజుకు కనీసం 3 సార్లు తిప్పాలి. లేకపోతే పిండం లోపలి పొరకు అంటుకుపోతుంది. పొదిగే పెట్ట ముక్కుతో చేసే పని ఇదే. 7వ రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు వెనుక టార్చ్ పెట్టి చూపించండి. సాలెగూడులా ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి. కరెంట్ పోతే మూత తెరవకండి.

19 నుంచి 21వ రోజు
తిప్పడం ఆపి, తేమను 65–70 శాతానికి పెంచండి. పెంకుకు చిల్లు పెట్టాక పిల్ల బయటికి రావడానికి ఒక రోజు వరకు పట్టవచ్చు. "పాపం, మనం పెంకు తీద్దాం" అని మీ అబ్బాయో అమ్మాయో తప్పకుండా అంటారు. తీయనివ్వకండి. అప్పటికి పొరలోని రక్తనాళాలు ఇంకా ఎండవు, పచ్చసొన పూర్తిగా పొట్టలోకి చేరదు. తొందరపడి ఒలిస్తే రక్తం కారి పిల్ల చనిపోవచ్చు. ఆగి చూడడం కూడా సాయమేనని పిల్లలకు తెలిసేది ఇక్కడే.

తర్వాత
ఒళ్లు ఆరాక బల్బు వెచ్చదనం ఉన్న అట్టపెట్టెలోకి మార్చండి. మొదటి వారం సుమారు 35 డిగ్రీలు ఉంచి, వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. కోడిపిల్లలను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి.

కొన్ని గుడ్లు పిల్లలు కాకపోవచ్చు. ఆ విషయం దాచకుండా చెప్పండి. రోజూ రెండు ఇంగ్లీష్ వాక్యాల్లో డైరీ రాయించి, స్కూల్ తెరిచాక క్లాసుకు పంపండి.