మేకపిల్లను కొనే ముందు

పిల్లలు మేకపిల్ల కొనిపెట్టమంటే వద్దనకండి. ఒక్కదాన్నే మాత్రం కొనకండి. మేక మందలో బతికేది. ఒంటరిగా కట్టేస్తే రాత్రంతా అరుస్తుంది, మూడోనాటికి పక్కింటివాళ్లు మీ గుమ్మంలో ఉంటారు. పాలు మానిన రెండు పెంటిపిల్లల్ని, మూడు నాలుగు నెలలవి, దగ్గరి ఊళ్లలో మేపుకునేవాళ్ల నుంచి తెచ్చుకోండి. వీడియోలు చూసి బోయర్ అనీ జమునాపారి అనీ వేలకు వేలు పోయకండి. మన దివిసీమ చిత్తడికి అలవాటు పడ్డ నాటుమేకే నయం.

అవనిగడ్డ, మోపిదేవి, కోడూరు వైపు అరెకరమో ఎకరమో ఉంచుకుని, ఉద్యోగం బందరులోనో బెజవాడలోనో చేసుకుంటూ ఆదివారాలు మాత్రమే వచ్చిపోయేవాళ్లయితే ఈ సరదా మీది కాదు. రోజూ పొద్దునా సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. మేక పేరుకు పిల్లవాడిది, బాధ్యతకు మీది. నీళ్లు పెట్టడం మరిచిపోయాడని వాణ్ణి తిడుతూ కూర్చుంటే మధ్యలో ఎండిపోయేది మేక నోరే.

దివిసీమలో మేకకు అసలు శత్రువు తడి. అక్టోబరు, నవంబరు వానలకు నల్లరేగడి బురదలో నిలబడితే గిట్టల సందున పుండ్లు పడతాయి. అందుకే పాకలో మూడడుగుల ఎత్తున మంచె వేయించండి. తాటి బద్దలో వెదురు బద్దలో పరిచి, మధ్య అర అంగుళం సందు వదిలితే పెంటికలు కిందికి రాలిపోతాయి, కాలు మాత్రం ఇరుక్కోదు. తెల్లారగట్ల మంచు ఆరని గడ్డి మేపితే నట్టలు పడతాయి. ఎండెక్కాక వదలండి. లేదా గట్టు మీద నాలుగు అవిసె చెట్లు నాటి కొమ్మలు కోసి వేలాడదీయండి. మేకకు నేల మీది గడ్డి కంటే తలెత్తి తెంపుకునే ఆకే ఇష్టం. ఆకు కట్టే పని పిల్లలది, కొడవలి పని మీది.

పిల్లలకు నేర్పదగ్గ పని ఇంకొకటుంది. మేక తల ఒడిసిపట్టి కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా లాగి చూడమనండి. లోపల ఎర్రగా ఉంటే మంచిదే. పాలిపోయి తెల్లగా కనిపిస్తే కడుపులో నట్టలు రక్తం తాగేస్తున్నాయేమో అనుకోవాలి. పదేళ్ల పిల్లలు కూడా ఈ తేడా పట్టేస్తారు. పదిహేను రోజులకోసారి చూసి నోటుపుస్తకంలో రాసుకోమనండి. పోతు దాటిన తేదీ కూడా అందులోనే ఉండాలి. అక్కణ్ణుంచి దాదాపు 150 రోజులకు ఈనుతుంది. క్యాలెండరు మీద ఆ రోజును లెక్కకట్టి సున్నా చుట్టడంలో ఉన్న ఉత్సాహం ఏ ట్యూషన్ లెక్కలోనూ ఉండదు.

ఈనేటప్పుడు పిల్లల్ని చూడనివ్వండి, మాయను మాత్రం ముట్టుకోనివ్వకండి. మేకపాలు కాచకుండా తాగనివ్వకండి. మూతి చుట్టూ పొక్కులున్న మేకపిల్లను ఎత్తుకోనివ్వకండి, అవి మనుషుల చేతులకూ అంటుకుంటాయి. మూడు నెలలు నిండాక పీపీఆర్ (పారుడు రోగం) టీకా వేయించండి. తేడా కనిపిస్తే పశువుల ఆసుపత్రికి వెళ్లండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

కోతల రోజుల్లో మరీ జాగ్రత్త. కళ్లంలో ధాన్యం రాశి మీద మేక పడిందంటే కడుపు నిండినా ఆగదు. గింజ లోపల పులిసి, పొట్ట ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. పెళ్లింట మిగిలిన అన్నం కుమ్మరించినా అంతే. వరి కోయకముందే చేలో మినుము చల్లేస్తారు కాబట్టి, తరవాత ఆ లేత మొలకల మీదికి మీ మేకలు పోతే మాట పడేది మీరే.

ఇక తుఫాను మాట. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఈ సీమలో మనుషులతో పాటు పశువులూ లెక్కలేనన్ని పోయాయి. హెచ్చరిక రాగానే మేకల్ని ఎక్కడికి తోలాలో వానాకాలానికి ముందే ఇంట్లో అనుకోండి. తోలే వీల్లేకపోతే పలుపులు విప్పేయండి. ఆ నిర్ణయం ముందే జరగకపోతే మేకను వదిలి రానని పిల్లవాడు గుంజ పట్టుకుని కూర్చుంటాడు.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. తల్లిదండ్రులు తప్పించుకునేది ఒక్క మాట దగ్గరే. ఈతకు ఒకటో రెండో పుడతాయి, వాటిలో పోతులూ ఉంటాయి. ఎదిగిన పోతును ఉంచుకుంటే సొంత తల్లినీ దాటుతుంది. కాబట్టి ఏడాది తిరక్కుండా అమ్మాలి, కొనేవాళ్లు కూరకే కొంటారు. ఈ సంగతి పోతుపిల్ల పుట్టాక కాదు, మొదటి రెండు మేకలూ ఇంటికి రాకముందే పిల్లలకు చెప్పండి. ‘అమ్మమ్మగారి ఊరు పంపించాం’ అని అబద్ధమాడకండి. వేసవి సెలవుల్లో పిల్లవాడు అక్కడ దాని కోసం వెతుకుతాడు. ఏడిస్తే ఏడవనివ్వండి. కొన్నాళ్లు మాంసం ముట్టనంటే బలవంతం చేయకండి, ఎగతాళి అసలే వద్దు. ఈ నిజం చెప్పే ధైర్యం ఇంకా రాలేదనుకుంటే మేకలు మానేసి రెండు కోళ్లు... కాదులెండి, వాటి దగ్గరా ఇదే మాట ఎదురవుతుంది. పూలమొక్కలో కూరగాయల మడో వేసుకోండి.

అమ్మే రోజున పిల్లల్ని బడికి పంపేసి, ఆ చాటున బేరం ముగించకండి. ముందు రాత్రే చెప్పండి, బండి ఎన్నింటికి వస్తుందో కూడా చెప్పండి.