మంచుదారిపై వాహనం

అల్లసాని పెద్దన మనుచరిత్రములో ప్రవరుడు పాదలేపనం పూసుకొని హిమాలయానికి చేరాడు. మంచునీరు సోకి లేపనం కరిగిపోగా ఇంటిదారి ఎరుగక నిలిచాడు. అతణ్ణి ఆపదకు గురిచేసినది అరికాలి పూతయే. మంచుదారిన కారు నడిపేవారికి కూడ ఆపద చక్రం నేలను తాకేచోటనే ఉంటుంది.

మన పల్లెలలో మంచు అంటే పుష్యమాసపు ఉదయాన గడ్డిపై మెరిసే బిందువు, దారిని కప్పే తెర. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దాని రూపం వేరు. సియెర్రా నెవాడా పర్వతాలలో 80వ సంఖ్య రహదారి డానర్ కనుమ వద్ద సుమారు 2,200 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. తీరప్రాంతంలో ఎండ కాస్తున్ననాడే అక్కడ హిమపాతం సంభవించవచ్చు.

కారు టైరు నేలను తాకే మేర ఇంచుమించు అరచేయంత. బండి భారమంతా నాలుగు అరచేతుల పట్టుపై ఆధారపడుతుందన్నమాట. సాధారణ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన బిరుసెక్కుతుంది. శీతకాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. దానిపై ఉండే సన్నని చీలికలు మంచును పట్టి ఉంచుతాయి. వింతగా తోచినా, మంచుకు పట్టునిచ్చేది మంచే. ఇట్టి టైర్లు నాలుగు చక్రాలకూ ఉండాలి. ముందు చక్రాలకు మాత్రమే వేస్తే మలుపులో వెనుకభాగం జారి కారు అడ్డం తిరుగుతుంది.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే వాహనముంటే భయం లేదని పలువురు భావిస్తారు. అది పొరపాటు. ఆ శక్తి కదలడానికే తోడ్పడుతుంది, ఆగడానికి కాదు. గడ్డకట్టిన దారిపై కారు ఆగే దూరం పొడిదారిపై కంటె పది రెట్ల వరకు పెరగవచ్చు.

టైరు చాలనిచోట గొలుసులు అవసరమవుతాయి. కాలిఫోర్నియా అధికారులు గొలుసుల నిబంధనను మూడు అంచెలుగా అమలు చేస్తారు. రెండవ అంచెలో, నాలుగు చక్రాల శక్తితోపాటు నాలుగింటికీ మంచు టైర్లున్న వాహనాలకే మినహాయింపు. మూడవ అంచెలో ఎవరికీ లేదు. గొలుసులను ఇంజను తిప్పే చక్రాలకు బిగించాలి. కొంతదూరం నడిపి, ఆగి, మరల బిగించాలి. వేగం గంటకు 50 కిలోమీటర్లు మించరాదు. చీకటిలో, చేతులు కొంకర్లు పోతుండగా తొలిసారి ఆ పనికి పూనుకొనేవారి అవస్థ చెప్పనలవి కాదు! పగటిపూట, ఇంటి ముంగిటనే ఒకసారి అభ్యసించడం మేలు. మంచు లేని తారుదారి చేరగానే గొలుసులు విప్పాలి. లేకున్న తెగి చక్రం చుట్టూ ఉన్న భాగాలను దెబ్బతీస్తాయి.