బండి రిజర్వులో పడితే...

తమ్ముళ్లారా,

మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మేం నలుగురం ఒకచోట కూర్చున్నాం. కథలూ, కవితలూ రాసేవాళ్లు మా బ్యాచ్‌లో వేరే ఉన్నారు. మేం పదో తరగతి అయ్యాక ఐటీఐలో చేరి, బళ్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాళ్లం. అందుకని మా చేతికి తెలిసిన పాఠమే రాస్తున్నాం. అయితే ఇందులో మొదటి ముక్క మాకు ఐటీఐలో ఎవరూ చెప్పలేదు. ఈ హాస్టల్లో ఉండగానే, ఒక రాత్రి ఏటిగట్టు మీద నేర్చుకున్నాం.

ఆ రాత్రి ఏం జరిగింది?

మేం పదో తరగతి చదువుతున్న ఏడు, మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లాలనిపించింది. వాచ్‌మన్ బాబాయిని బతిమాలి ఆయన బండి తీసుకున్నాం. 18 ఏళ్లు నిండనిదే గేర్ల బండి నడపకూడదు. అది మా మొదటి తప్పు. తిరిగి వస్తుంటే రాజోలు దాటాక బండి మిస్సింగ్ వచ్చి ఆగింది. కాక్ రిజర్వుకు తిప్పాం, కదిలింది. జేబులో డబ్బులు తీర్థంలోనే అయిపోయాయి. రిజర్వు మీదే హాస్టలు దాకా వచ్చి, బండి చూరు కింద పెట్టి, తాళం బాబాయి చేతికిచ్చాం. రిజర్వులో పడిందని మాత్రం చెప్పలేదు. చెబితే మరోసారి బండి ఇవ్వడని భయం. అది రెండో తప్పు, పెద్ద తప్పు.

అదే రాత్రి ఆరో తరగతి పిల్లవాడు ఒకడికి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. బాబాయి వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకొని, పట్టుకోవడానికి మాలో ఒకణ్ణి వెనక ఎక్కించుకొని అమలాపురం బయలుదేరాడు. ఏటిగట్టు మీద సగం దూరం పోయాక బండి దగ్గి ఆగిపోయింది. బాబాయి కంగారుపడలేదు. "రిజర్వుందిలేరా" అంటూ చెయ్యి కిందికి పోనిచ్చాడు. నాబ్ అప్పటికే రిజర్వులో ఉంది.

ఆయన ఒక్క మాట కూడా అనలేదు. పిల్లవాణ్ణి భుజాన వేసుకొని నడక మొదలుపెట్టాడు. రెండు కిలోమీటర్లు నడిచాక కొబ్బరికాయల లోడు వ్యాను ఒకటి ఆగి ఎక్కించుకుంది.

రిజర్వు అంటే ఏమిటి?

చాలామంది రిజర్వుకు వేరే ట్యాంకు ఉంటుందనుకుంటారు. లేదు. ట్యాంకు ఒకటే. కాక్ పైభాగంలో, ట్యాంకు లోపల, ఒక గొట్టం నిలువుగా పైకి లేచి ఉంటుంది. దాని మొదట్లో, దాదాపు ట్యాంకు అడుగున, ఇంకో రంధ్రం ఉంటుంది. 'ఆన్'లో పెడితే పెట్రోలు పొడుగు గొట్టం మూతిలోంచి దిగుతుంది. 'రిజర్వు'లో పెడితే అడుగు రంధ్రంలోంచి దిగుతుంది. 'ఆఫ్'లో రెండూ మూసుకుంటాయి.

మన డెల్టా పిల్లలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే కాలువకు రెండు తూములున్నాయనుకోండి. ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో. కాలువలో నీరు తగ్గితే ఎత్తు తూము ముందు ఎండిపోతుంది, పల్లపు తూము ఇంకా పారుతుంది. ఆ రెండు తూముల మధ్య నిలిచిన నీరే రిజర్వు. కాబట్టి కాక్ ముందు నుంచీ రిజర్వులోనే ఉంటే హెచ్చరిక అనేదే రాదు. ఉన్నదంతా తాగేసి బండి ఒక్కసారే ఆగుతుంది.

ఇంకో సంగతి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున ఒండ్రు కనిపిస్తుంది కదా? ట్యాంకు కూడా అంతే. తుప్పు, దుమ్ము, నీటి చుక్కలు అన్నీ అడుక్కే చేరతాయి. రిజర్వు రంధ్రం ఉన్నదీ అక్కడే. అందుకే అవసరానికి తిప్పినప్పుడు అది మొరాయిస్తుంది.

రిజర్వుకు తిప్పినా బండి కదలకపోతే

కింది వరుసలో చూడండి. వరుస తప్పొద్దు. ఖర్చు లేనివి ముందు పెట్టాం.

1. నాబ్ ఎటు ఉందో చూడండి. బాణం గుర్తు, అక్షరాలు చదవండి. అన్ని బళ్లకూ ఒకేలా ఉండవు. తిప్పిన వెంటనే కిక్కు కొట్టకండి. కార్బొరేటర్ గిన్నె ఖాళీ అయి ఉంటుంది, అది నిండడానికి కొద్దిసేపు ఆగండి.

2. పెట్రోలు ఉందా? బండిని అటూ ఇటూ ఊపి చప్పుడు వినండి. మూత తీసి చూడాలంటే టార్చిలైటు వాడండి. అగ్గిపుల్ల గీయవద్దు. ఇది చెప్పాలా అనుకోకండి, గీసినవాళ్లున్నారు.

3. బండిని కాక్ ఉన్న వైపుకు బాగా వంచి, మళ్లీ లేపండి. ట్యాంకు ఫ్రేము మీద జీను వేసినట్టు రెండు వైపులా దిగి ఉంటుంది. అవతలి వైపు నిలిచిన పెట్రోలు వంచితేగాని ఇవతలికి రాదు. ఒకటి రెండు కిలోమీటర్లకు సరిపడా దొరకవచ్చు.

4. మూత వదులు చేసి స్టార్టు చేయండి. ఇప్పుడు నడిస్తే తప్పు మూతలో ఉన్నట్టే. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లు పెడితే గాలి లోపలికి పోయి ధారగా కారుతుంది. బడిలో చదివిన వాతావరణ పీడనం పాఠం ఇదే. ట్యాంకు మూతలోని సన్నని రంధ్రం ఆ రెండో చిల్లు. అది దుమ్ముతో పూడినా, వానకు తడవకుండా మూత కింద పాలిథిన్ కవరు పెట్టినా గాలి ఆడదు, పెట్రోలు దిగదు.

5. ఇంజను చల్లారాక, ఆరుబయట, కార్బొరేటర్ వైపు పైపు ఊడదీసి గాజు సీసాలోకి పట్టండి. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయాలి. 'ఆన్'లో ధారగా వచ్చి, 'రిజర్వు'లో చుక్కలుగా వస్తే అడుగు జాలీ పూడుకుపోయిందని అర్థం. ట్యాంకు ఖాళీ చేసి, కాక్ విప్పి, జాలీని పెట్రోలులో మెత్తని బ్రష్షుతో కడగాలి. తీగతో పొడిస్తే జాలీ చిరిగిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు పాత వాషరు వేయకండి, కారుతుంది. కొన్ని బళ్లకు ఇంజను తిరిగితేనే పెట్రోలు వదిలే కాక్ ఉంటుంది. వాటికి ఈ పరీక్ష కుదరదు, మెకానిక్‌కు చూపించండి.

6. 'ఆన్'లోనే నడుస్తూ బండి ఆగి, రిజర్వుకు తిప్పినా చుక్క రాలేదా? ట్యాంకు నిజంగానే ఖాళీగా ఉందా? అయితే లోపలి పొడుగు గొట్టం విరిగి ఉండవచ్చు, ఊడి పడి ఉండవచ్చు. ఎత్తు తూము కూలిపోతే అదీ పల్లపు తూమే అవుతుంది. కాక్ మార్చడమే మార్గం.

7. సీసాలో పట్టిన పెట్రోలును కాసేపు కదలకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే అది నీరు. నీరు పెట్రోలు కన్నా బరువు గనుక కిందికి దిగుతుంది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం వచ్చింది. ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు మితిమీరితే ఆ రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి. అప్పుడు రిజర్వులో బండికి అందేది పెట్రోలు కాదు. 2022 జూలైలో వచ్చినట్టు గోదావరి పొంగి, లంకల్లో బండి మునిగితే, స్టార్టు చేయకుండా ముందు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయించండి.

నోటితో పైపు పీల్చి పెట్రోలు తీయడం మన ఊళ్లలో అలవాటు. మానేయండి. గుటక పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

లెక్క తెలిసి ఉండాలి

మీ బండి రిజర్వు ఎంతో దాని పుస్తకంలో చూడండి. లీటరు అనుకుందాం. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి అయితే 50 కిలోమీటర్లు. రావులపాలెం నుంచి అమలాపురం సుమారు 30. పోవడానికి సరిపోతుంది, పోయి రావడానికి చాలదు. రిజర్వులో పడిన చోటు మీటరు అంకె గుర్తుపెట్టుకోండి. సగం లెక్కకు మించి నమ్మకండి. పెట్రోలు పోయించగానే నాబ్ 'ఆన్'కు తిప్పండి. బంకు దగ్గర మూత బిగించే చేతితోనే ఇది చేస్తే మరిచిపోరు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధన వచ్చాక కొత్త బళ్లు చాలావాటికి కార్బొరేటరూ లేదు, కాకూ లేదు. పెట్రోలు ముల్లు, దీపమే హెచ్చరిక. వాటిలో పంపు ట్యాంకులోనే ఉండి, చుట్టూ ఉన్న పెట్రోలుతోనే చల్లబడుతుంది. దీపం వెలిగాక కూడా తోలుతూ పోతే పంపుకే చేటు.

చివరి మాట

ఈ ఏడు అంశాలూ మరిచిపోయినా ఫరవాలేదు, ఏ మెకానిక్ అయినా చూస్తాడు. ఎనిమిదోది మాత్రం మీరే చేయాలి. ఎవరి బండి తీసుకున్నా తాళం ఇచ్చేటప్పుడు "రిజర్వులో పడింది" అని చెప్పండి. తిడితే తిట్టనివ్వండి.

వాచ్‌మన్ బాబాయి ఇప్పుడు లేరు. ఆ రాత్రి నాబ్ ఎవరు తిప్పారో ఆయన వార్డెన్ గారికి చెప్పలేదు, మమ్మల్ని అడగనూ లేదు. మర్నాడు తన డబ్బుతో పెట్రోలు తెచ్చుకొని బండి నడిపించుకొచ్చారు.

ఆ ఆరో తరగతి పిల్లవాడు బాగా చదువుకొని ఇవాళ ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఈ సంచిక అతనికీ అందుతుంది. తమ్ముడూ, ఆ రాత్రి బండి చెడిపోయిందని నీకు చెప్పాం. బండి చెడిపోలేదు. మేం చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఇన్నాళ్లకు చెబుతున్నాం.

ఇట్లు
మీ పూర్వ విద్యార్థులు