మన ఇంటిపేరు ఏ ఊరిది?

(కుటుంబ కూడికలలో చదివి చర్చించుకొనుటకు పాఠము)

ముఖ్యాంశము: కుటుంబ చరిత్రను ఒక్కరే వెదకినయెడల రెండు మూడు తరములతో ఆగిపోవును. నాలుగు ఇండ్లవారు తమ కాగితములను ఒక్కచోట పరచినప్పుడు ఒకరి సందేహమునకు మరియొకరి యొద్ద జవాబు దొరకును.



అస్కాలోను బరంపురంలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో తాతగారి పేరు చెప్పగలవారు అనేకులు. ఆయన తండ్రి పేరు చెప్పగలవారు కొద్దిమంది. ఆ పెద్ద ఏ పల్లెనుండి, ఏ పనిమీద వచ్చెనో చెప్పగలవారు మరీ అరుదు. మన పిల్లలలో అనేకులు ఒడియా బడులలో చదువుకొనుచున్నారు. పెట్టె అడుగున తాతగారి తెలుగు ఉత్తరమున్నను దానిని చదువలేరు. చదివి చెప్పగల పెద్దలు వెళ్లిపోయిన తరువాత ఆ ఉత్తరము ఉండియు లేనట్టే. కాబట్టి ఇది వాయిదా వేయదగిన పని కాదు.

1. గంజాం అనగా ఏ గంజాం?

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు అస్కా, బరంపురం మద్రాసు రాజధానిలో ఉండెను. ఆనాటి గంజాం జిల్లా ఇప్పటిదానికంటె చాల పెద్దది. శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడి అందులోనివే. 1936లో శ్రీకాకుళం వైపు భాగము విశాఖపట్నం జిల్లాలో కలిసెను. 1950లో శ్రీకాకుళం వేరు జిల్లా అయ్యెను. పర్లాకిమిడి ప్రాంతము 1992లో గజపతి జిల్లాగా విడిపోయెను.

కనుక పాత కాగితములో "గంజాం జిల్లా" అని ఉన్నంతమాత్రమున మన పెద్దలు అస్కావారని తీర్మానింపరాదు. వారు టెక్కలి దగ్గర పల్లెవారు కావచ్చును. తాలూకా పేరు, గ్రామము పేరు కూడ చూడవలెను. ఊళ్ల పేర్లు మారినవని మరువరాదు. శ్రీకాకుళమును దొరలు చికాకోల్ అని వ్రాసిరి. నేటి భంజనగర్ ఆనాటి రస్సెల్‌కొండ. బెంగాలులో మరియొక బరంపురము కలదు. 1936కు ముందటి ప్రభుత్వ కాగితముల కొరకు భువనేశ్వరములో మాత్రమే వెదకిన చాలదు. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడ వెదకవలెను.

2. పొలము లేనివారి పేరు ఎక్కడ ఉండును?

భూమి గలవారి పేరు పట్టాలో ఉండును. కూలి చేసికొని బ్రదికినవాని పేరు ఆ పుస్తకములలో కనబడదు. అట్టివారికి అనేకసార్లు సంఘపు రిజిష్టరే మొదటి వ్రాత. బాప్తిస్మము, వివాహము, భూస్థాపన పుస్తకములను చెదలు తినకముందే నకలు తీయవలెను. ఒక సంగతి గమనించండి: మన సంఘములలో విశ్వసించినవారికే బాప్తిస్మమిత్తురు గనుక ఆ తేదీని పుట్టిన తేదీగా లెక్కింపరాదు. ఆ సమయమున కొందరు కొత్త పేరు పెట్టుకొనిరి. పాత పేరు పక్కన వ్రాసియున్నదేమో చూడండి.

మిషనెరీల నివేదికలు దూరదేశములలో భద్రముగా ఉన్నవి. ఒరిస్సాలో పనిచేసిన ఇంగ్లీషు బాప్టిస్టు మిషను కాగితములు ఆక్స్‌ఫర్డులోని ఏంగస్ లైబ్రరీలోను, కెనడియన్ బాప్టిస్టు కాగితములు హామిల్టనులోని మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలోను గలవు.

3. సముద్రము దాటినవారు

1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు గిర్మిటు కూలీలుగా 1,52,184 మంది భారతీయులు వెళ్లిరి. మద్రాసునుండి ఓడ ఎక్కినవారిలో తెలుగువారు అనేకులు. వారి మధ్య పనిచేయుటకు నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యగారిని పంపిరి. ఆ ఓడల జాబితాలలో ప్రతివానికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది గుర్తులు వ్రాసిరి. ఇంటిపేరునకు వేరుగా గడి లేదు. అందుచేత అక్కడి మనుమడు గ్రామము పేరు తెచ్చినను, ఇక్కడివారు ఇంటిపేరు చెప్పనిదే జత కుదరదు.

గోపాలపురం రేవునుండి బర్మాకు వెళ్లినవారి సంగతి వేరు. మేస్త్రీల వెంట టిక్కెట్టు మీద వెళ్లినవారికి గిర్మిటు పత్రము లేదు. 1942లో యుద్ధభయముచేత తిరిగివచ్చినవారు అనేకులు చేతిసంచితో వచ్చిరి. వారి చరిత్రకు పాత ఉత్తరములు, ఫోటోలు, పెద్దల మాటలే ఆధారము.

4. కూడికలో చేయవలసిన పని

బ్రిటిష్ ఇండియాలో నివసించిన తమ పెద్దల కొరకు 1998లో ఇంగ్లండులో కొందరు ఒక కుటుంబ చరిత్ర సంఘము స్థాపించుకొనిరి. సభ్యులు కూడుకొందురు, పాత రిజిష్టర్లను పంచుకొని నకలు వ్రాసి, అందరు వాడుకొనునట్లు సూచికలు చేయుదురు. ఆ సూచికలలో ఎక్కువగా ఐరోపావారి పేర్లే గలవు. అయినను ఆ పద్ధతి మనము నేర్చుకొనదగినది.

మొదట పెద్దలను ఒక్కొక్కరిని వేరుగా అడగండి. అందరియెదుట అడిగినచో ఒకరి మాటనే మిగిలినవారు ఒప్పుకొందురు. అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి ఇంటిపేరు ముందుగా వ్రాసికొనండి. మొదట మరుగైపోవునది అదే. పెద్దలు ఏ పనిమీద వచ్చిరో అడగండి: అస్కా చక్కెర మిల్లా, రైల్వేయా, వ్యాపారమా? మనుమనికి తాత పేరు పెట్టుట మన వాడుక గనుక ఒకే పేరుగల ఇద్దరిని ఒక్కరిగా లెక్కింపకండి. మేనరికముల వలన అవే రెండు ఇంటిపేర్లు మరల మరల వచ్చును. ప్రతి సంగతి పక్కన "ఎవరు చెప్పిరి, ఏ కాగితములో ఉన్నది" అని వ్రాయండి. రెండు మాటలు పొసగనప్పుడు రెండును ఉంచండి. అసలు కాగితము సొంతదారుని చేతిలోనే ఉండవలెను. నకలు మాత్రమే తిరగవలెను.

5. దాచవలెనా, చెప్పవలెనా?

పాత జాబితాలలో కులము గడి చూచి కొందరు పుస్తకము మూసివేయుదురు. ఇల్లు అద్దెకు దొరకదని, పిల్లల సంబంధములు చెడునని వారికి భయము. ఆ భయము ఊరకే పుట్టినది కాదు. దానిని ఎగతాళి చేయరాదు. అయితే ఆ గడి కొట్టివేసినయెడల ముత్తాత ఏ పేటలో ఉండెనో, ఎవరి బంధువో తెలియజేయు దారి మూసికొనిపోవును. కాబట్టి చనిపోయినవారిని గూర్చి ఉన్నది ఉన్నట్టుగా వ్రాయవలెను. బ్రదికియున్నవారి సంగతులు వారి అనుమతి లేక ఇల్లు దాటనీయరాదు. కూలికి వెళ్లిన ముత్తాత మనకు అవమానము కాదు. ఆయన పేరు మనము మరచుటయే అవమానము.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మీ నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమి? ఎవరు చెప్పగా తెలిసినది?
2. మీ సంఘపు అతి పాత రిజిష్టరు ఏ సంవత్సరముది? అది ఎవరియొద్ద ఉన్నది?
3. మీ ఇంట తెలుగు చదువలేని పిల్లలకు ఆ కాగితములను ఎవరు చదివి వినిపించెదరు?

వచ్చే కూడికకు ప్రతి ఇంటివారు ఒక కాగితము, ఒక పెద్ద చెప్పిన మాట తీసికొని రావలెను.