పిచ్చాపాటి మాటలు - మన బాధ్యత

ఇషా నమాజు తర్వాత మస్జిదు గేటు దగ్గర, టీ హోటలు బల్లల మీద, ఇప్పుడైతే ఫోను గ్రూపుల్లో కూడా సాగే మాటలు మనందరికీ తెలిసినవే. ఎన్నికలు, పాత నవాబుల కథలు, బియ్యం ధర, ఫలానావారింటి నిశ్చితార్థం, అన్నీ ఒక్క గంటలోనే వచ్చిపోతాయి. "ఊరికే మాట్లాడుకుంటున్నాం మౌలానా, ఇందులో గునా ఏముంది?" అని యువకులు మమ్మల్ని అడుగుతుంటారు.

మాట్లాడుకోవడమే పాపమని ఇస్లాం ఎక్కడా చెప్పలేదు. దైవప్రవక్త (స) ఫజ్ర్ నమాజు తర్వాత పొద్దు పొడిచేదాకా నమాజు చేసిన చోటే కూర్చునేవారనీ, సహాబాలు అజ్ఞాన కాలం నాటి సంగతులు చెప్పుకొని నవ్వుకుంటుంటే ఆయన చిరునవ్వు నవ్వేవారనీ హజ్రత్ జాబిర్ బిన్ సముర (రజి) తెలిపారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. ఇషా తర్వాత కబుర్లు ఆయనకు నచ్చేవి కావు. అయినా ముస్లిముల వ్యవహారాలపై హజ్రత్ అబూబక్ర్ (రజి)తో రాత్రివేళ సంప్రదించేవారని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన హదీసును ఇమామ్ తిర్మిజీ పొందుపరిచారు. కాబట్టి చరిత్ర, రాజకీయం నిషిద్ధ విషయాలేమీ కావు. చూడవలసింది ఆ మాట నిజమా కాదా, దాని వల్ల ఎవరి పరువు పోతోంది అన్నదే.

రాజకీయం సంగతి చూద్దాం. పరోక్ష నింద (గీబత్) తప్పుకాని సందర్భాలు ఆరింటిని ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో పేర్కొన్నారు. అన్యాయానికి గురైనవాడు అధికారి దగ్గర మొరపెట్టుకోవడం, కీడు నుంచి ఇతరులను హెచ్చరించడం వాటిలోనివి. వార్డులో మురికి కాలువ తీయించలేదని కౌన్సిలరు మీద ఫిర్యాదు చేస్తే అది గీబత్ కాదు. అదే కౌన్సిలరు కూతురు పుట్టింటికి ఎందుకు వచ్చిందని నలుగురిలో చర్చిస్తే అది నిస్సందేహంగా గీబత్. మన బల్లల మీద మొదటిది మొదలై రెండవదానిలోకి జారిపోవడానికి సగం కప్పు టీ తాగేంత సేపు కూడా పట్టదు!

పెళ్ళి సంబంధాల విచారణ కూడా ఇలాంటిదే. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన సంబంధాల గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఉన్నదున్నట్లు చెప్పారు. అడిగినవారికి, అవసరమైనంత వరకే. అడగనివారికి కూడా చెప్పుకుంటూ పోవడానికి ఇది ఆధారం కాదు.

చరిత్ర విషయంలో మరో ఆపద ఉంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంపై జరిగిన పోలీసు చర్య ప్రస్తావన వస్తే చాలు, రెండు వైపులా గొంతులు లేస్తాయి. ముస్లిములంతా రజాకార్లేనని ఒకరంటారు. మనవాళ్ళు ఏ తప్పూ చేయలేదని మరొకరంటారు. రజాకార్లు గ్రామాల్లో చేసిన దౌర్జన్యాలు నిజం. వారికి వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే, ఇదీ నిజం. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసిందన్నదీ నిజమే. సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా, మన తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా న్యాయంగానే పలకాలని సూరా నిసా 135వ ఆయతు ఆదేశిస్తోంది. సగం చెప్పి సగం మింగేవాడు ఈ ఆదేశాన్ని పాటించినట్లు కాదు. మూసా (అలై) సైన్యం ఆరు లక్షలని పూర్వ చరిత్రకారులు రాస్తే, అంత సైన్యం యుద్ధభూమిలో ఎలా బారులు తీరుతుందని ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన ముఖద్దిమాలో నిలదీశారు. పెద్దవారు రాశారు కదా అని ఆయన ఊరుకోలేదు.

ఇక మా సంగతి. మదరసాలో ఏళ్ళ తరబడి ఇస్నాద్ చదివినవాళ్ళం. ఎవరు ఎవరి నుంచి విన్నారు, వారి జ్ఞాపకశక్తి ఎలాంటిది, నడవడి ఎలాంటిది అని తరచి తరచి చూడడం నేర్చుకున్నవాళ్ళం. విన్నదల్లా చెప్పేయడం ఒక మనిషి అబద్ధీకుడు కావడానికి చాలన్న హదీసును ఎన్నోసార్లు దర్సులో వివరించినవాళ్ళం. అయినా ఒక రాత్రి, మా బస్తీలో ఒక పెద్దమనిషి మస్జిదు చందా సొమ్ము వాడుకున్నాడని ఫోనుకు వచ్చిన వార్తను, "వచ్చింది వచ్చినట్లు పంపుతున్నాం" అని పైన రాసి నలుగురికి పంపేశాం. ఆ వాక్యంతో బాధ్యత తీరిపోయిందనుకున్నాం. వార్త తెచ్చినవాని మాటను నిర్ధారించుకోండి, లేకుంటే తెలియక ఒక వర్గానికి హాని చేసి పశ్చాత్తాపపడతారన్న సూరా హుజురాత్ 6వ ఆయతు ఆ క్షణాన మాకు గుర్తుకే రాలేదు.

మూడో రోజు కమిటీ ముందు లెక్కల పుస్తకం తెరిచారు. పైసాతో సహా సరిపోయింది. మేము ఆయన ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాం. ఆయన టీ తెప్పించారు. తిట్టలేదు.

"మాఫ్ చేశాను మౌలానా. కానీ మీరు పంపిన ఆ నలుగురికి నిజం చెప్పారా?" అని అడిగారు.

"చెబుతాం చాచా" అన్నాం.

"మరి వాళ్ళు పంపినవాళ్ళకో?"

అక్కడే కూర్చొని నలుగురికీ రాశాం. ముగ్గురు ఎవరికీ పంపలేదన్నారు. నాలుగో అతను మాత్రం, తాను రెండు గ్రూపుల్లో పెట్టాననీ, ఒకదానిలో చాచాగారి అల్లుడి అన్నదమ్ములు ఉన్నారనీ జవాబిచ్చాడు.