రేకు కారితే అతుకు వద్దు

విజయవాడ, ఆటోనగర్

శీనూ,

మీ పంక్చర్ షాపు కంప్రెసర్ ట్యాంకు అడుగున, కాలు వెల్డింగ్ పక్కన సన్నగా గాలి తన్నుతోందని, వెల్డర్ ప్యాచ్ వేసి సాయంత్రానికల్లా ఇస్తానన్నాడని ఫోన్లో చెప్పావు. అప్పటికప్పుడు ఆపమన్నాను గానీ కారణం చెప్పలేదు. అది రాస్తున్నాను.

లీకులన్నీ ఒకటి కావు. డ్రెయిన్ కాక్, గేజి, సేఫ్టీ వాల్వు బిగించిన చోట కారితే గాలంతా తీసేసి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే సరిపోతుంది. కాక్ అరిగిపోతే కొత్తది వేసుకో. రేకులోంచే వస్తే మాత్రం ఆ ట్యాంకు పని అయిపోయినట్టే.

ఎందుకంటావా? గాలిలో తేమ ఉంటుంది. పంపు నొక్కినప్పుడు వేడెక్కిన గాలి ట్యాంకులో చల్లారి, ఆ తేమ నీరై అడుగున చేరుతుంది. వానాకాలం మరీ ఎక్కువ. ఆ నీళ్లు నిలిచినంత మేరా రేకును లోపలినుంచి తుప్పు తింటుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. నీకు కనబడింది సూది బెజ్జమే. దాని చుట్టూ రేకు ఎంత పలచబడిందో బయటికి తెలియదు. చివికిన బట్టకు మాసిక వేస్తే కుట్టు పక్కనే చిరిగినట్టు, ప్యాచ్ నిలిచినా దాని అంచున రేకు చీలుతుంది. ఎంసీల్ పూసినా, స్క్రూ దిగ్గొట్టినా అంతే.

లారీ టైర్ల కోసం నువ్వు 10 కిలోల దాకా గాలి పడతావు. అంటే చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు. అటూ ఇటూ 10 సెంటీమీటర్ల ముక్క మీదే టన్ను తోపుడు. రేకు చీలితే లోపలి గాలంతా ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అప్పుడు ట్యాంకు ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

'వెల్డింగ్ చేసి గాలి పట్టి చూద్దాం' అని ఎవరన్నా అంటే ఒప్పుకోకు. ట్యాంకు పరీక్ష నీళ్లతో చేస్తారు. లోపల గాలి మిగలకుండా నిండా నీళ్లు నింపి, చేతి పంపుతో వర్కింగ్ ప్రెజర్‌ను మించి ఒత్తిడి ఎక్కిస్తారు. నీళ్లు గాలిలా కుంచించుకోవు కాబట్టి, రేకు తెగినా ఒత్తిడి చటుక్కున పడిపోతుంది తప్ప పేలుడంత బలం ఉండదు. అయినా అరిగిన రేకుకు మందం ఏ పరీక్షా తిరిగి తేలేదు.

కంప్రెసర్ మొత్తం మార్చాలని బెంగపడకు. హెడ్డు, మోటారు బాగుంటే ట్యాంకు ఒక్కటే కొను. లీటర్లు, బోల్టుల దూరాలు పాతదానితో కలవాలి. వర్కింగ్ ప్రెజర్, టెస్ట్ ప్రెజర్, నంబరు చెక్కిన ప్లేటు ఉండాలి, నీటి పరీక్ష సర్టిఫికెట్ అడిగి తీసుకో. ప్లేటు లేనిది సగం ధరకిచ్చినా వద్దు. సేఫ్టీ వాల్వు, నాన్ రిటర్న్ వాల్వు కూడా కొత్తవి వెయ్యి. సేఫ్టీ వాల్వు ప్లేటు మీది వర్కింగ్ ప్రెజర్ దాటకముందే తెరుచుకోవాలి, ప్రెజర్ స్విచ్ అంతకన్నా తక్కువలో మోటారు ఆపాలి. ట్యాంకుకూ సేఫ్టీ వాల్వుకూ మధ్య ఇంకే కాక్ పెట్టనివ్వకు.

విప్పేముందు కరెంటు ప్లగ్గు పీకి, దూరంగా నిలబడి పైపు చివరినుంచి గాలి వదిలెయ్. గేజి ముల్లు సున్నాకొచ్చినా నమ్మకు, ముల్లు ఇరుక్కుని ఉండొచ్చు. డ్రెయిన్ కాక్ తెరిచి, బుస్సుమన్న చప్పుడు పూర్తిగా ఆగాకే స్పానర్ పెట్టు.

కొత్తది వచ్చాక రోజూ షాపు కట్టేసేముందు డ్రెయిన్ తెరిచి నీళ్లు వదలడం కుర్రాళ్లకు అలవాటు చెయ్యి. బయటికొచ్చే నీళ్లు ఎర్రగా ఉంటే లోపల తుప్పు మొదలైనట్టు.

పాత ట్యాంకును అలాగే పాత ఇనుము వాడికి ఇవ్వకు. ఫిట్టింగులన్నీ ఊడదీసి, నూనె నీళ్లు ఒంపేసి, దారులన్నీ తెరిచి ఉంచి, నాలుగైదు చోట్ల డ్రిల్లుతో పెద్ద బెజ్జాలు వెయ్యి. లోపల నూనె ఆవిరి ఉంటుంది కనక గ్యాస్ కట్టర్ దగ్గరికి రానివ్వకు. బెజ్జాలు వెయ్యకపోతే ఎవడో దానికి ప్యాచ్ వేసి, రంగు కొట్టి, ఇంకో పంక్చర్ షాపుకు అమ్ముతాడు.

ఇట్లు,
మీ మావయ్య