జబ్బు మనిషి ఉన్న ఇంటికి సర్కారు ఇల్లు: అర్జీ ఎలా పెట్టుకోవాలి



తెలంగాణలో ప్రభుత్వ ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకునే కుటుంబానికి జబ్బు ఉందన్న కారణం ఒక్కటే ముందు వరస ఇప్పించదు. క్యాన్సర్‌కో, గుండె జబ్బుకో, కిడ్నీ జబ్బుకో విడిగా కోటా లేదు. ఉన్నది వికలాంగుల కోటా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గృహ పథకాల్లో 5 శాతం ఇళ్లు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి దక్కాలి. వారిలో మహిళలకు ప్రాధాన్యం ఉండాలి. అందువల్ల ఏ కుటుంబమైనా మొదట తేల్చుకోవాల్సింది ఇంట్లో మనిషి పరిస్థితి ఆ చట్టం కిందికి వస్తుందా రాదా అన్నదే.

చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. కాళ్లు, చూపు, వినికిడి సంగతి అందరికీ తెలిసిందే. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాల క్షీణత, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మానసిక రుగ్మతలు కూడా అందులో ఉన్నాయన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. పక్షవాతంతో ఒక వైపు చచ్చుబడిన మనిషి, షుగర్ ముదిరి కాలు తీయించుకున్న మనిషి జబ్బు పేరుతో కాక అవయవ వైకల్యం కింద అర్హులవుతారు. డయాలసిస్ రోగికి ఆ దారి లేదు. ఆ రోగులకు నెలనెలా పింఛను ఇస్తున్న ప్రభుత్వమే ఇంటి దగ్గరికి వచ్చేసరికి వారిని లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం.

వైకల్యానికి రుజువు ధ్రువపత్రమే. ఇదివరకు అది సదరం క్యాంపులో వచ్చేది. ఇప్పుడు యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుగా వస్తోంది. 40 శాతం లోపు వైకల్యానికి తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. ఇంటి కోటాకు కనీసం పసుపు కార్డు ఉండాలి. వైద్య పరీక్షకు వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, ఆరోగ్యశ్రీ కాగితాలు అన్నీ పట్టుకెళ్లాలి. నెలల తరబడి చికిత్స నడిచినా చేతిలో కాగితం లేకపోతే శాతం తక్కువ పడే ప్రమాదం ఉంది.

ఇక అర్జీ. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో అద్దెకుండే కుటుంబాల అసలు ఇబ్బంది మెట్లు. సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు పెరిగాక కింది పోర్షన్లు చాలావరకు మెస్సులు, జిరాక్సు షాపులు, హాస్టళ్లు అయిపోయాయి. సంసారాలు పై అంతస్తులకు చేరాయి. పాత కట్టడాలకు లిఫ్టు ఉండదు. అర్జీలో ఈ సంగతి విడమరిచి రాయాలి. ‘మా నాన్నగారికి ఆరోగ్యం బాగాలేదు, దయచేసి ఇల్లు ఇప్పించండి’ అని రాస్తే చదివే గుమస్తాకు ఏమీ తెలియదు. ‘రెండో అంతస్తులో ఉంటున్నాం. 34 మెట్లు, లిఫ్టు లేదు. ఎడమ కాలు, చెయ్యి పనిచేయవు. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఇద్దరు కుర్చీలో మోసి దించాలి. బాత్‌రూం తలుపులోంచి చక్రాల కుర్చీ పట్టదు’ అని రాస్తే ఇంటి అవసరం కళ్లకు కడుతుంది. డాక్టరు చీటీ కూడా ఇదే చెప్పాలి: జబ్బు పేరుతో పాటు మనిషి మెట్లు ఎక్కగలడా, ఒంటరిగా స్నానం చేయగలడా అన్నది అందులో ఉండాలి. ఇంగ్లండ్‌లో 1996 హౌసింగ్ చట్టం వైద్య కారణాల మీద ఇల్లు మారాల్సిన వారికి కౌన్సిళ్లు ప్రాధాన్యం ఇవ్వాలంటుంది. అక్కడా అధికారులు చూసేది జబ్బు ఎంత పెద్దదని కాదు, ఇప్పుడున్న ఇల్లు ఆ మనిషికి ఎంత అడ్డం అవుతోందని. ఇక్కడ అలాంటి నిబంధన లేకపోయినా అర్జీ రాయడానికి ఆ పద్ధతే మంచిది.

రాష్ట్ర ప్రభుత్వ ఇందిరమ్మ ఇళ్ల పథకం సర్వేలో స్థలం, ఇల్లు రెండూ లేనివారిని ఎల్-2 జాబితాలో పెట్టారు. అద్దె ఇళ్లవారు పేరు అందులో ఉందో లేదో చూసుకోవాలి. ఇంటి చిరునామా ముషీరాబాద్ మండలమా, హిమాయత్‌నగర్ మండలమా అన్నది కూడా తెలుసుకోవాలి. విచారణ ఆ మండలం తహసీల్దారు ఆఫీసు నుంచి రావచ్చు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా ఆధార్‌లో, రేషన్ కార్డులో చిరునామా మార్పించకపోతే విచారణకు వచ్చినవాళ్లు తాళం చూసి వెళ్లిపోతారు, పేరు జాబితాలోంచి పోవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో గానీ, మంగళ, శుక్రవారాల్లో ప్రజాభవన్‌లో గానీ అర్జీ ఇచ్చి నంబరున్న రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే ఆ నంబరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, దారిద్ర్యరేఖ దిగువ ఉన్నవారికి రుసుము ఉండదు. దళారులకు రూపాయి ఇవ్వకూడదు.

ఇల్లు ఎక్కడ వస్తుందన్నది కూడా ముందే ఆలోచించాలి. 2023 ఆగస్టులో ఆన్‌లైన్ డ్రా తీసి హైదరాబాద్‌లో తొలి విడత ఇచ్చిన 11,700 డబుల్ బెడ్రూం ఇళ్లలో వికలాంగులకు వచ్చినవి 470. ఐదు శాతం లెక్కకు అది తక్కువే. నగరానికి కట్టిన ఇళ్లు ఎక్కువగా పొలిమేరల్లోనే ఉన్నాయి. 15,660 ఇళ్లున్న కొల్లూరు సముదాయం సంగారెడ్డి జిల్లాలో ఉంది. గాంధీ ఆసుపత్రికి వారం వారం వెళ్లే రోగికి అది చాలా దూరం. పైగా అక్కడివి తొమ్మిది, పది, పదకొండు అంతస్తుల బ్లాకులు. లిఫ్టు ఆగిన రోజు పై అంతస్తువాడు బందీయే. కేంద్రం పట్టణ ఆవాస్ యోజన మార్గదర్శకాలు ఇంట్లో ఏ ఒక్కరు వికలాంగులైనా, వృద్ధులైనా కింది అంతస్తుల కేటాయింపులో ఆ కుటుంబానికి ప్రాధాన్యం ఇవ్వాలంటున్నాయి. ఆ వాక్యాన్ని ఉటంకిస్తూ కింది అంతస్తు కావాలని, చికిత్స జరిగే ఆసుపత్రి పేరు రాసి దానికి దగ్గరలో కావాలని అర్జీలోనే అడగాలి. డ్రా అయ్యాక మార్చడం కష్టం. వచ్చిన ఇంటిని అద్దెకిచ్చి చిక్కడపల్లిలోనే ఉండిపోదామన్న ఆలోచన పనికిరాదు; నిబంధన ఒప్పుకోదు, కేటాయింపు రద్దు చేయవచ్చు.

కోటా కింద ఇల్లు నిరాకరించినా, పసుపు కార్డు ఉన్నా పట్టించుకోకపోయినా వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. అందుకైనా, ప్రజావాణికైనా మొదట అడిగేది ధ్రువపత్రమే గనుక, ఈ వారమే యూడీఐడీకి దరఖాస్తు పెట్టించాలి. అర్జీ ఆ తర్వాత.